అడ్మిట్ కార్డుకి బొట్టు

డిసెంబర్ 25, రాత్రి

నిశ్చితార్థం తర్వాత మొదటి పండగకి సారె తేవాలి. ఆ పండగ క్రిస్మస్ అయినా సరేనని కాబోయే అత్తగారు ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల నుంచి ఇత్తడి పళ్లెంలో ప్లమ్ కేకు తెచ్చారు. చుట్టూ తమలపాకులు, పసుపు కుంకుమలు, రవికె గుడ్డ. వెనకే పెళ్లికొడుకు రమణగారు, కొత్త స్వెట్టర్‌లో.

ఎల్లుండి నా ఎం.ఏ. చివరి సెమిస్టర్‌లో ఆఖరి పరీక్ష. నలభై నాలుగేళ్లకి పెళ్లే ఎక్కువ, ఇంకా చదువా అంటారేమోనని పుస్తకాలన్నీ దిండు కింద దాచాను. అడ్మిట్ కార్డు మాత్రం బల్ల మీదే ఉండిపోయింది.

"ఏటమ్మా ఇది?" అన్నారు అత్తగారు.

"పరీక్షది అత్తయ్యా. మీరు మానెయ్యమంటే..."

"మానీడమేటి! కోడలు ఎం.ఏ. అని లైనంతా సెప్పీసినాను. పాసవకపోతే నా పరువేటవుతాది?"

అంటూనే శుభమని కార్డుకి పసుపు రాసి, ఫొటోలో నా నుదుటికి ఇంత కుంకుమ పెట్టారు. కంగారుగా తుడిచాను. ఫొటోలో ముఖమంతా ఎర్రగా అలుక్కుపోయింది.

"ముందుకన్నా ఇప్పుడే కళగా ఉన్నారండీ," అన్నారు రమణగారు.

నవ్వాపుకోలేకపోయాను. చదువు మాన్పిస్తారన్న భయం పోయింది. కానీ ఎల్లుండి గేటు దగ్గర ఆ ఎర్ర ముఖం నాదేనని ఎలా నమ్మించాలో... పైగా ఇప్పుడు పాసవ్వాలి కూడా.