నూట పన్నెండో పేజీ

ప్రాతో పట్టణం,
మార్చి 9, 1954.

వాస్కో గారికి,

మీ నవలకి బహుమతి వచ్చిందని పేపర్లో చూశాం. మనం ఒకే బల్ల దగ్గర పాత గుడ్డలు ఏరిన రోజులు మీరు మర్చిపోలేదని పుస్తకం చూస్తే తెలిసింది.

మా షెడ్డులో చదువు వచ్చింది నాకొక్కదానికే. అందుకే మధ్యాహ్నం రొట్టె తినే వేళ నేనే అందరికీ పైకి చదివాను. గుడ్డ ముక్కని పెదవికి ఆనించి, కళ్ళు మూసుకుని, ఇది ఉన్ని, ఇది నూలు అని చెప్పే పిల్ల కథలోకి రాగానే అందరూ నావైపు తిరిగారు.

"ఇది నువ్వేనే. అయితే వాడు పని మానేసి నిన్నే చూస్తూ కూర్చునేవాడన్నమాట," అంది ఆర్మిదా.

నేను కాదనలేదు.

కానీ నూట పన్నెండో పేజీలో ఆ పిల్ల మెడ వెనక మిరియమంత పుట్టుమచ్చ పెట్టారు. అది ఆర్మిదాది. దానికి ఇప్పటికీ ఉన్నికీ నూలుకీ తేడా తెలియదు. రెండూ ఒకే గంపలో వేసి మేస్త్రీ చేత తిట్లు తింటుంది. నువ్వు చేసిందీ అదే, వాస్కో. నా పెదవినీ దాని మెడనీ తీసుకెళ్ళి ఒకే గంపలో పడేశావు.

ఆ పేజీ నేను చదవకుండా దాటేశాను.

ఆదివారం నువ్వే వచ్చి కార్మికుల భవనంలో చదువుతావట. ఏ పేజీ అయినా చదువు, అదొక్కటీ వద్దు. ఆర్మిదా ముందు వరసలో కూర్చుంటానంటోంది, జుట్టు పైకి ముడేసుకుని.

ఇట్లు,
నీకు ఎదురుగా కూర్చున్న మనిషి.