తువ్వాలు ఊపిన ఫొటో

బుధవారం రాత్రి, అనకాపల్లి

అరెకరం చెరకు పొలం అమ్మి కొన్న లెన్సు ఇది. ఎక్కడో సముద్రం మీద ఎగిరే గద్ద కంట్లో నల్లగుడ్డు కూడా తెలుస్తుంది. దీనికి కన్ను ఆనిస్తే నాకింక అన్నం, నీళ్లు గుర్తుండవు. ఈవేళ పూడిమడక ఒడ్డున పక్షులు దొరక్క పడవల మీదకి తిప్పేను.

పక్కనే నూకాలమ్మ అని ఒకావిడ, భర్త పడవ కోసం చూస్తోంది. ఆ పడవే ఫొటోలో పడితే కెమెరాలో చూపించేను. పడవ వెనకాల పెద్ద ఓడ ఉంది.

"ఏటి బాబూ, ఓడ మీదకొచ్చేత్తన్నట్టుంది?" అంది.

"ఈ లెన్సు దూరాలన్నీ దగ్గరికి లాగేసి చూపిస్తుందమ్మా. రెంటికీ మధ్య బోలెడు దూరం ఉంటుంది" అన్నాను, పెద్ద తెలిసినోడిలా.

అంతలో ఆవిడ భర్త పడవలో లేచి నిలబడి తువ్వాలు ఊపేడు. వల నిండితే వాళ్లు ఒడ్డుకి అలాగే చెప్తారంట. అదీ ఫొటో తీసి చూపిస్తే ఆవిడ నవ్వింది. "సేపలు బాగా పడ్డాయి" అని, నా నంబరు తీసుకుని, గంప తేడానికి వెళ్లింది. నేను బస్సెక్కేసేను.

ఇందాక ఫోన్ చేసింది. పడవ ఇంకా రాలేదంట. "ఆ ఫొటో మళ్లీ ఓపాలి సూడు బాబూ. నవ్వుతున్నాడా?" అని అడిగింది.

పెద్దది చేసి చూసేను. మొహం లేదు, వీపు కనిపిస్తోంది. అతను తువ్వాలు ఊపింది మాకు కాదు. ఓడకి.