మోజెల్ సీసా, తూము కాడి కల్లు

బాపూ,

నిన్న నీ సంవత్సరీకానికి హైదరాబాదు నుంచి ఒక సీసా పట్టుకొచ్చాను. హోటల్లో నాకిప్పుడు వైన్ వడ్డించే పని. యూరప్ వైన్లు రుచి చూసి ఏది ఏ ప్రాంతానిదో చెప్పడం నేర్పించారు. నోట్లో పోసుకుని, రుచి పట్టుకుని, ఉమ్మేయాలి. నువ్వుంటే నవ్వేవాడివి.

ఇటలీలో అగ్నిపర్వతం మీద పండిన ద్రాక్షకు బూడిద వాసన, జర్మనీలో మోజెల్ నది ఒడ్డు ద్రాక్షకు పలకరాతి వాసన ఉంటాయని సారు చెబితే అందరూ వింతగా చూశారు. నాకు వింత అనిపించలేదు. చిన్నప్పుడే నువ్వు నా నాలుక మీద చుక్క వేసి, "గిది తూము కాడి చెట్టు కల్లు బిడ్డా. గీ ఒక్కటే జర ఉప్పగుంటది" అన్నావు. పరీక్షలో అన్నీ సరిగ్గా చెప్పింది నేనొక్కదాన్నే.

ఆ మోజెల్ వైనే నీ సమాధి మీద సాక పోశాను. అవ్వ చుక్క నాకి మొహం చిట్లించింది.

"గింత పుల్లగుంది, మీ బాపు తాగుతడా? కల్లు పొయ్యి."

చిన్నాయన గీసి తెచ్చిన కల్లు పోశాను. మిగిలింది ఆనవాయితీగా అందరం తలా ఇంత తాగాం.

మొదటి గుక్కలోనే ఉప్పు తగిలింది. తూము కాడి చెట్టు. నువ్వు పడ్డ చెట్టు. ఇక దాన్ని ఎక్కనని చిన్నాయన నిరుడు నీ శవం మీద ఒట్టేశాడు.

అతను నన్నే చూస్తున్నాడు. "ఎట్లుంది బిడ్డా?"

"మంచిగుంది చిన్నాయనా" అన్నాను.

ఉమ్మేయలేదు బాపూ. మింగాను.