అట్ట మీద నీ పేరు

లింగన్నా,

నువ్వు ఎండదెబ్బకు సైటులో కూలిపోయి ఆరు నెలలైంది. ఇప్పుడు దుబాయ్‌లో వాతావరణం మీద పెద్ద సదస్సు జరుగుతోంది. అక్కడ నేల తుడిచే పని దొరికింది నాకు.

బయట రోడ్డు మీద నినాదాలిస్తే జైలే. లోపల మాత్రం నిరసన తెలిపేవాళ్లను ఒక మూల నిలబడనిస్తున్నారు. అక్కడ ఒక హైదరాబాద్ అమ్మాయి, ఎండకు చనిపోయిన కూలీల పేర్లు రాసిన అట్ట పట్టుకుని నిలబడింది. నీళ్ల సీసా ఇచ్చాను.

"అన్నా, మీకు తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?" అంది.

"మా లింగన్న. నీళ్లు తాగొస్త అనుకుంటనే పడిపోయిండు" అన్నాను.

నీ పేరు రాసి అట్ట పైకెత్తింది.

"సాక్షిగా మీ పేరు రాయనా?"

సూపర్‌వైజర్ ఇటే చూస్తున్నాడు.

"వద్దు చెల్లే, వీసా పోతది" అన్నాను.

నీ పేరు చెప్పగలిగాను అన్నా, నా పేరు చెప్పలేకపోయాను.