రూతు వాకిట్లో నిలబడితే

నెటాల్ దేశం, చెరుకు తోట బడి
1913 ఆగస్టు 10, ఆదివారం

కోడుమూరులో ఉన్న మా అమ్మకు కొడుకు ఏసేపు వందనాలు.

ముందుగా, ఈ ఉత్తరం విప్పిన లేవి అయ్యవారికి ఒక మనవి. సముద్రం దాటి వచ్చిన ఉత్తరమని ఎప్పటిలాగే గుడి అరుగు మీద పాలెమంతటినీ కూర్చోబెట్టి చదవవద్దు. అమ్మను ఇంట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి ఆమె ఒక్కతికే చదవండి. పక్కింటి జ్ఞానమణి పెద్దమ్మ తన కూతురు ఏసుమణి సంగతి వినాలని పరుగెత్తుకొని వస్తుంది. ఆమె కంటే ముందు మా అమ్మకు తెలియాలి.

అమ్మా, నా ఒంట్లో బాగానే ఉంది. అందరం క్షేమం అని రాసే చోట చేయి ఆడలేదు. అందుకే నా ఒక్కడి మాటే రాశాను. హంద్రికి నీళ్లొచ్చాయని, కొర్ర విత్తారని నువ్వు రాయించినది చదివి సంతోషపడ్డాను. ఈ ఏడాదైనా గాదె అడుగు కనపడకుండా ఉంటుందేమో.

అన్నం సరిగ్గా తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. ఇక్కడ కూలివాళ్లకు మొక్కజొన్న పిండి ఇస్తారు. ఎవరు వండినా అది గంజే అవుతుంది. ఏసుమణి అక్క మాత్రం అరచేతుల మధ్య తట్టి మన జొన్నరొట్టె మాదిరే చేసేది. ప్రతి ఆదివారం రెండు రొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి గుడ్డలో కట్టి, మామకిచ్చి రాపో అని కూతురు రూతుతో పంపేది. అక్కడ పక్కింటి పిల్లే అయినా, ఈ దేశంలో నాకు తోడబుట్టింది ఆమే.

పిల్లల్ని కొడుతున్నావా అని కూడా అడిగావు. నాన్న బెత్తం గుర్తొచ్చి ఉంటుంది. కొట్టను. అది నాకు గర్వంగా ఉండేది. నా దగ్గర నలభై మంది చిన్నపిల్లలున్నారు, మనవాళ్లు, అరవవాళ్లు, హిందుస్తానీ వాళ్లు. అందరూ చెరుకు కొట్టేవాళ్ల పిల్లలే. వీళ్ల చేతుల్లోకి ఆ కత్తి రాకూడదని, ఇంగ్లీషు నేర్పి ఏ కచేరీలోనో కూర్చోబెట్టాలని నా పంతం. అందుకోసం ఒక నియమం పెట్టాను. బడి గడప దాటాక ఇంగ్లీషు తప్ప మరో మాట వినపడకూడదు. ఇంటి మాట మాట్లాడితే గోడవైపు తిరిగి నిలబడాలి. మిషను వాళ్లు చెప్పలేదు, దొరలు అడగలేదు. ఆ నియమం నాది.

రూతుకు ఏడేళ్లు. నలభై మందిలో తెలివైనది అదే. ఒకరోజు "దప్పికయితాంది మామా" అన్నందుకు దాన్నీ నిలబెట్టాను. సొంతపిల్లని కూడా చూడలేదని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ తర్వాత అది ఒక్కసారి కూడా తప్పలేదు.

ఏసుమణి అక్క ఎట్లుందన్నది నీ చివరి ప్రశ్న. ఇంతసేపూ దాన్ని తప్పించుకుంటూ వచ్చాను. అమ్మా, అక్క లేదు. జూలై మూడో తేదీన పోయింది.

ఆ రోజు బడి తనిఖీకి దొర వచ్చాడు. రూతు బడికి రాకుండా తోటలో అమ్మకు సద్ది ఇవ్వడానికి వెళ్లింది. అది చూస్తుండగానే కత్తి జారి అక్క తొడ తెగింది. ఆడవాళ్లు చీర చింపి కట్టినా నెత్తురు ఆగలేదు. అక్క భర్త దాసన్న బావ ఎక్కడో దూరంగా చక్కెర మిల్లు దగ్గరున్నాడు. ఆస్పత్రికి పోవాలంటే మేనేజరు దొర గుర్రపుబండి కావాలి. ఆయనతో ఇంగ్లీషులో మాట్లాడగలవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని రూతును నా దగ్గరికి తరిమారు.

అది రొప్పుతూ వాకిట్లో నిలబడి నోరు తెరవబోయింది. నేను వేలెత్తి "ఇంగ్లీష్" అన్నాను. తనిఖీ దొరను చూసింది, నన్ను చూసింది. నేర్పింది నేర్పినట్టే "మే ఐ కమిన్, సార్?" అంది. దొర మెచ్చుకోలుగా తల ఊపాడు. నేను పొంగిపోయాను. ఆలస్యంగా వచ్చిందనుకొని బల్ల చూపించాను. అది బల్ల దగ్గరికి పోయి కూర్చోకుండా చేయెత్తింది. కూర్చోమని సైగ చేశాను, కూర్చోలేదు. ఆవు, మామిడి, పడవ, అన్నీ నేర్పాను దానికి. నెత్తురు అనే మాట నేర్పలేదు. దొర వెళ్లేదాకా అరగంట సేపు చేయి దించకుండా నిలబడే ఉంది.

ఆయన గడప దాటాక నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా నా చెవిలో గుసగుసగా చెప్పింది.

"మాయమ్మ కాలు తెగినాది మామా. నెత్తురు శానా పోతాంది."

పరుగెత్తాను. బండి దొరికింది. కానీ ఆస్పత్రి వాకిలి చేరకముందే అక్క నా ఒళ్లో కన్ను మూసింది. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే బతికేదని డాక్టరు అన్నాడు.

ఆ అరగంట సంగతి నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. నువ్వు లేకుంటే ఆ బండైనా వచ్చేది కాదని దాసన్న బావ నా చేతులు పట్టుకొని ఏడిస్తే, ఏడవనిచ్చాను. నా బతుకులో అంత నీచమైన పని మరొకటి చేయలేదమ్మా. నిన్న సాయంత్రం బావకు అంతా చెప్పాను.

"నా బిడ్డ శానా సేపు నిలబడిందా అప్పా?" అని అడిగాడు.

అవునన్నాను. లేచి వెళ్లిపోయాడు.

పెద్దమ్మకు ఈ మాట నువ్వే చెప్పాలి. నా తప్పులో ఏదీ దాచవద్దు. రేపు నేను తిరిగి వచ్చినప్పుడు ఆమె నా ముఖం చూడకపోయినా నాకు ఫిర్యాదు లేదు.

ఆ నియమం తీసేశాను. ఇప్పుడు బడిలో మూడు భాషలూ గోలగోలగా వినిపిస్తాయి. రూతు మాత్రం నాతో తెలుగు మాట్లాడదు. రోజూ వాకిట్లో ఆగి అదే మాట అడుగుతుంది. మామా అని పిలువు తల్లీ అని బతిమాలితే "యెస్, సార్" అంటుంది.

బావ కరారు గడువు తీరింది. పిల్లను తీసుకొని వచ్చే నెల ఓడలో మద్రాసుకు బయలుదేరుతున్నాడు. అక్టోబరులో కోడుమూరు చేరతారు. అది వచ్చి మీ వాకిట్లో నిలబడి ఇంగ్లీషులో ఏదో అంటుంది. నీకూ పెద్దమ్మకూ అర్థం కాదు. లోపలికి రావచ్చునా అని అడుగుతుందమ్మా. రమ్మని చెప్పేదాకా అట్లాగే నిలబడుతుంది, నేను అట్లా నేర్పాను. మీరు జవాబు కోసం వెతుక్కోవద్దు. లేచి పోయి ఎత్తుకోండి.

ఇట్లు,
నీ కొడుకు,
రూతుకు మేనమామ,
ఏసేపు