మూరెడు మింగిన గోడ

ఈత కొలనుల నిర్వహణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మన ఊరి ఈత కొలను ఒక మూర పొట్టిదైనందువలన మా అమ్మాయి వేగము పెరిగిపోయిన సందర్భముగా తమరికి కృతజ్ఞతలు, పిమ్మట ఫిర్యాదు, ఆ పిమ్మట మనవి.

నేను సినిమా హాల్లో టార్చిలైటు పట్టుకుని, చీకట్లో జనాన్ని వాళ్ళ సీట్లలో కూర్చోబెట్టే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. చదివింది ఐదో తరగతి. అర్జీ భాష మా హాలు బుకింగు క్లర్కు గారి దగ్గర నేర్చుకున్నాను. ఆయనకు ఎవరో ఒకరి మీద అర్జీ రాస్తేగాని అన్నం అరిగేది కాదు. కనుక ఇందులో గంభీరంగా ఉన్నవన్నీ ఆయనవి, మిగతావి నావి.

ముందుగా సంతోషం చెప్పనివ్వండి, లేకపోతే నాకు ఊపిరాడదు. మా అమ్మాయికి నలభై నాలుగేళ్ళు. బేకరీలో రొట్టెల పిండి కలుపుతుంది. పిండి బస్తాలెత్తి ఎత్తి భుజం పట్టేస్తే, డాక్టరు గారు నీళ్ళలో దిగమన్నారు. దిగింది. ఇక ఎక్కలేదు. ఇప్పుడు పెద్దవాళ్ళ ఈత పోటీల్లో వెల్లకిలా ఈదుతుంది. పొద్దున్నే పని దిగి, కనుబొమల మీద పిండితోనే కొలనుకొస్తుంది. అది చూసి బస్సు డ్రైవరు, ఆయన్ని అక్కడ అందరూ మొసలి అంటారు, "అక్కా, కాస్త దులుపుకుని దిగు. నీళ్ళు పులిసి పొంగితే మళ్ళీ అధికారి గారు మన మీద పడతారు" అంటాడు. తమరి మీద వాళ్ళకు అంత గౌరవం.

ఇక అంశములు.

1) ఈ పెద్దవాళ్ళ జట్టులో ఒక పద్ధతి ఉన్నది. పోటీల కాలం మొదలయ్యే ముందు వాళ్ళకు నేర్పే విజిల్ మేడం అందరినీ తక్కువ లోతు వైపు మెడదాకా నీళ్ళలో నిలబెట్టి, ఈ ఏడు ఏం సాధిస్తారో ఒక్కొక్కరి చేత చెప్పించి, నల్లబల్ల మీద రాస్తుంది. "గట్టు మీద అందరూ ఛాంపియన్లే. మెడదాకా మునిగి చెప్పండి. గొప్పలకు నోరు పెద్దగా తెరిస్తే నీళ్ళు పోతాయి" అని ఆవిడ వాదన. నిజమే. గట్టు మీద బంగారు పతకం కొడతానన్న మొసలి, నీళ్ళలోకి దిగాక, "గోడ దగ్గర తిరిగేటప్పుడు నీళ్ళు తాగకుండా ఉంటే చాలు మేడం" అన్నాడు. మా అమ్మాయి, "వంద మీటర్లలో రెండు సెకన్లు తగ్గిస్తాను" అన్నది. ఆ రెండు సెకన్లు తగ్గితేనే ఈసారి పెద్ద పోటీకి తీసుకుంటారు. పోయినేడాది ఆ రెండింటికే ఆగిపోయింది.

రెండు సెకన్లేనా అని తమరు నవ్వకూడదు. తమ కార్యాలయంలో ఆ వ్యవధిలో గుమాస్తా గారు తలైనా ఎత్తరు, నాకు తెలుసు. నీళ్ళలో మాత్రం అది ఒక ఏడాది ఒళ్ళు విరిగే చాకిరీ.

2) అటుపిమ్మట లోతు వైపు గోడ కారుతున్నదని తమరు కొలను మూయించితిరి. కారే గోడను బాగుచేయుట పాత పద్ధతి గనుక, దాని ముందు ఇంకొక గోడ కట్టించి, నీలం పలకలు అతికించి, రిబ్బను కత్తిరించి తెరిచితిరి. పలకలు బహు అందముగా ఉన్నవి. ఇందులో వెటకారం లేదు, నిజంగానే బాగున్నాయి.

తెరిచిన మొదటి రోజే మా అమ్మాయి వంద మీటర్లు ఈదింది. విజిల్ మేడం గడియారం చూసి, విదిలించి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ చూసింది. రెండు సెకన్లు ఎగిరిపోయాయి! ఏడాది లక్ష్యం ఒక్క పొద్దుటికి తీరిపోయింది. నేను గట్టు మీద చెప్పులు వదిలేసి చిందులేశాను. వీధి వీధంతా మిఠాయిలు పంచాను. పదేళ్ళుగా మాటల్లేని ఎదురింటాయనకు కూడా ఇచ్చి, ఆయనతో మాట్లాడేశాను. ఇప్పుడు ఆ మాటలు వెనక్కి తీసుకునే దారి లేదు.

మా అమ్మాయే కాదు, మొసలికీ టైము తగ్గింది, జట్టులోని కళ్ళ డాక్టరు గారికీ తగ్గింది, మోకాలికి పట్టీ కట్టుకుని ఈదిన కుట్టుపనావిడకూ తగ్గింది. తమరు వెంటనే గేటు దగ్గర, "నవీకరణ ఫలితముగా ఈతగాళ్ళ ప్రతిభలో గణనీయమైన అభివృద్ధి" అని బోర్డు పెట్టించితిరి. దాని మీద తమ ఫొటో ఉన్నది. కోటు, బూటు వేసుకుని, ఒక్క చుక్క తడి లేకుండా.

3) బొప్పులూ మొదటి రోజే మొదలైనవి, సంతోషంలో మూడో రోజుకుగాని ఎవరికీ నొప్పి తెలియలేదు. వెల్లకిలా ఈదేవాళ్ళకు గోడ కనబడదు. పైన అడ్డంగా కట్టిన చిన్న జెండాలు దాటాక ఇన్ని చేతులు వేస్తే గోడ వస్తుందని లెక్క. జెండాలు పాత చోటే ఉన్నవి, గోడ మాత్రం వీళ్ళను ఎదుర్కోలుకు ముందుకొచ్చింది. వెల్లకిలా ఈదే ప్రతివాళ్ళకూ నడినెత్తిన ఒకటే కొలత బొప్పి. మా ఆవిడ అమ్మాయి తలకు మందు రాస్తూ, "ఈ తండ్రీకూతుళ్ళ వల్ల నాకు పరువు లేదు. ఇంట్లో నేనే అప్పడాల కర్రతో బాదుతున్నాననుకుంటున్నారు వీధిలో" అని గొణిగింది.

ఆ బొప్పితోనే మా అమ్మాయి ఒక రోజు గట్టు మీద కూర్చుని, వరుసలను విడదీసే పూసల తాడు వంక చాలాసేపు చూసింది. ఒకప్పుడు ఈ చివర నుంచి ఆ చివరకు బిగుతుగా నిలబడే తాడు, ఇప్పుడు బట్టలారేసిన దండెంలా వంకర్లు పోయి ఉన్నది.

"నాన్నా, ఇలా చూడు. తాడు పొడుగెందుకైంది?"

"నానిందేమోనమ్మా."

"ప్లాస్టిక్ తాడు నాన్నా. తాడు పెరగలేదు. గోడ ముందుకొచ్చింది."

మోచేతిని తాడుకు ఆనించి మిగులు కొలిచింది. సరిగ్గా ఒక మూర. ఇరవై ఐదు మీటర్ల కొలనులో వంద మీటర్లంటే అటు రెండుసార్లు, ఇటు రెండుసార్లు గనుక నాలుగు మూరలు. ఆ నాలుగు మూరలే నా మిఠాయిలు.

4) ఈ సంగతి మనవి చేయడానికి మేము తమ గదికి వచ్చి ఉంటిమి. తమరికి జ్ఞాపకం ఉండకపోవచ్చు, ఫోనులో ఉన్నారు. గోడ అంగుళం కూడా కదలలేదని, తాడే ఎండకు సాగిందని సెలవిచ్చితిరి. విజిల్ మేడం, "అయితే ఒకసారి కొలుద్దాం సార్" అన్నది. మర్నాటికి గేటు దగ్గరి నిషేధాల బోర్డులో, బయటి తినుబండారములు, గాజు సీసాలు అన్న వాటి కింద కొత్త పెయింటుతో "కొలత టేపులు" అని చేరినది. ఇంత వేగంగా తమ కార్యాలయంలో పని జరగగలదని మాకు అంతవరకు తెలియదు. క్షమించవలెను.

పోనీ, ఇదే అభివృద్ధి అయితే కొలనుకే ఎందుకు పరిమితం చేయాలి? రోడ్లు కూడా తలా ఒక మూర కత్తిరిస్తే మొసలి నడిపే బస్సు టైముకొస్తుంది. తమ కార్యాలయం మెట్లు సగం తీయిస్తే నా మోకాళ్ళు కూడా అభివృద్ధి చెందుతాయి.

5) ఇప్పుడు అసలు బాధ. పెద్ద పోటీకి పేర్లివ్వడానికి ఈ నెలాఖరే గడువు. తమరు సంతకం చేసిన టైము సర్టిఫికెట్టు మా అమ్మాయి చేతిలో ఉన్నది. తమ గుండ్రటి ముద్ర కూడా స్పష్టంగా పడింది. దాన్ని పంపితే చాలు, పోటీలోకి తీసుకుంటారు.

"పంపించేయక్కా. గోడ లోపల ఇంకో గోడ ఉందని ఎవడికి తెలుస్తుంది?" అన్నాడు మొసలి.

"నాకు తెలుసుగా. ఆ రెండు సెకన్లు గోడవిరా, నావి కావు."

"అక్కడికెళ్ళాక నీవి చేసుకో."

"అక్కడి కొలనులో ఇంకో మూర ఉంటుంది. చెయ్యి చాచేసరికి గోడ ఉండదు. అప్పుడు ఈ ముద్ర పట్టుకుని తేలమంటావా?"

మొసలి తన సర్టిఫికెట్టు కూడా పంపకుండా మడిచి, బూటులో పెట్టుకున్నాడు.

విజిల్ మేడం నల్లబల్ల మీద లక్ష్యాలన్నీ తుడిచేసి, మళ్ళీ అందరినీ మెడదాకా దింపింది. మా అమ్మాయి వంతు వచ్చింది. "అవే రెండు సెకన్లు. ఈసారి నావి" అన్నది. అయ్యా, మిఠాయిలు పంచిన రోజు నాకు ఆనందం అనుకున్నాను. అది ఏపాటిది? ఈ మాట విన్న రోజు టవలు మొహాన కప్పుకుని కూర్చున్నాను. అందరూ తల తుడుచుకుంటున్నాననుకున్నారు, నాకు తుడుచుకునేంత జుట్టు లేదని ఎవరికీ తట్టలేదు.

కావున తమరిని వేడుకొనునదేమనగా:

అ) అడ్డుగోడ పగలగొట్టించి, అసలు గోడ బాగుచేయించవలెను.

ఆ) అంతవరకు, నెలాఖరు లోపల ఒక్క పొద్దుట, తమ చేతిలోనే తాళం ఉన్న అధికారుల క్లబ్బు కొలనులో మా అమ్మాయిని, జట్టువారిని ఈదనివ్వవలెను. దానిలో తాళ్ళు బిగుతుగా ఉన్నవని కటకటాల్లోంచి చూసితిమి. మాకు టైము మీద దయ అక్కర్లేదు, దూరం పూర్తిగా ఉంటే చాలు. రెండు సెకన్లు తగ్గకపోతే మా అమ్మాయి ఇంటికొచ్చి పిండి కలుపుకుంటుంది, ఎవరినీ ఏమీ అనదు.

ఇ) ఈ రెండూ వీలుకాని పక్షమున, తమరు మా కొలనుకు విచ్చేసి, కోటు, బూటు గట్టు మీద విడిచి, మెడదాకా నీళ్ళలో నిలబడి, "ఈ కొలను పొడవు తగ్గలేదు" అని ఒక్కసారి చెప్పవలెను. చెబితే మేము నమ్మి ఊరుకుంటాము. టవలు నేను తెస్తాను, ఉతికినదే.

చీకట్లో వచ్చినవారిని సరైన చోటికి చేర్చడమే నాకు తెలిసిన పని. ఆ అలవాటు కొద్దీ ఇంత దూరం వెలుతురు వేసితిని. కళ్ళలో పడితే మన్నించి, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
మూడో వరుసలో వెల్లకిలా ఈదే ఆవిడ నాన్న

తా.క.: బుకింగు క్లర్కు గారు ఉంటే ఇది రాయనిచ్చేవారు కాదు. నేను కూడా ఈత నేర్చుకుంటున్నానండీ, ముసలివాళ్ళ బృందంలో. తక్కువ లోతు వైపు నుంచి బయలుదేరి రెండేళ్ళపాటు ప్రతిసారీ గోడకు చేతి దూరంలోనే తాడు పట్టుకుని వేలాడాను. తమ కొత్త గోడ కట్టిన వారానికి మొదటిసారి లోతు వైపు గోడను తాకాను. ఇక ఒక్క చెయ్యి కూడా వేయలేననుకున్న చోట నీలం పలక చేతికి తగిలింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ ఇంట్లో రెండు రోజులు నన్ను తిట్టలేదు. ఆ గోడ తీసేస్తే ఆ మూర నేను ఈదగలనో, మునుగుతానో నిజంగా తెలియదు. కింద లోతు కూడా అక్కడే ఎక్కువ.

నిన్న నేనూ మెడదాకా దిగి నా లక్ష్యం చెప్పాను. విజిల్ మేడం బల్ల మీద అందరి కింద రాసింది: "పెద్దాయన – పాత గోడ". మా అమ్మాయి గట్టు మీద నుంచి, "నాన్నా, నేను పక్కనే ఉంటాలే" అన్నది.

కాబట్టి గోడ తప్పకుండా పగలగొట్టించండి. నాకు డెబ్బై ఆరు దాటాయి, కొంచెం త్వరగా కానివ్వండి.