గుల్లపేట జెట్టీకి మూడో రాయి

గుల్లపేట,
ఫిబ్రవరి

ప్రియమైన మావకు,

నువ్వు అవతలి దేశం జైల్లో కూర్చుని, ‘సర్పంచివి కదా, ఊరి సంగతులు నెలనెలా రాయి’ అన్నావు. రాస్తున్నాను, విను. తుఫాను షెల్టరుకు రంగులు వేయించాం. బడి దగ్గర కుళాయి పెట్టించాం, నీళ్లే ఇంకా రాలేదు. నూకాలమ్మ పండగ బాగానే జరిగింది గానీ ఘటాల వెనక నడిచే మగవాళ్లు తక్కువయ్యారు. సగం మంది గుజరాత్ వెళ్లి వెరావల్ పడవల మీదే ఉన్నారు కదా.

అసలు కబురు జెట్టీ. మళ్లీ శంకుస్థాపన చేశారు, ఇది మూడోది. టెంటు వేశారు, పెద్దలొచ్చారు, రాతి మీద నా పేరు కూడా చెక్కించారు. నేను మైకు పట్టుకుని, “జెట్టీ వస్తాది. ఇంక మనోలు గుజరాత్ ఎల్లక్కర్నేదు” అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. బుల్లమ్మత్త మాత్రం, “ముందరి రాళ్ల మీద సేపలెండేసుకుంతన్నాను. దీని మీద ఏటి ఎండెయ్యాలో సెప్పు సర్పంచమ్మా” అంది. నవ్వేశాను గానీ మనసు చివుక్కుమంది.

మనబ్బాయి హరిబాబు ఊళ్లోనే ఉండి మన పడవ మీదే వేటకు వెళ్తున్నాడు. నిన్ను తలవని రోజు లేదు.

నీ కుసుమ

*

జైలు నుంచి,
మే

సర్పంచ్ కుసుమకుమారి గారికి మీ ఆయన ధనరాజు పెట్టే దండాలు.

నీ ఉత్తరం బ్యారక్‌లో గట్టిగా చదివాను. నాతో పట్టుబడ్డ మన ఊరివాళ్లంతా చుట్టూ చేరారు, గ్రామసభ పెట్టినట్టే ఉంది. నీళ్లు రాని కుళాయి మాట వినగానే నూకయ్య బావ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాడు.

ఇంజను ఆగి, నీటి వాలుకు కొట్టుకుపోయి సరిహద్దు గీత దాటాం. నీళ్ల మీద గీత ఎవరికి కనిపిస్తుంది? ఎప్పుడు వదులుతారో చెప్పేవాడు లేడు.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. మన హరిబాబును పడమటికి, ఆ గుజరాత్ పడవల మీదికి పంపకు. పస్తులున్నా సరే, వాణ్ణి ఇంటి దగ్గరే ఉంచు. వాడు ఊళ్లో ఉన్నాడనుకుంటేనే నాకు కన్ను మూతపడుతోంది. నా మీద ఒట్టు.

నీ ధనరాజు

*

గుల్లపేట,
ఆగస్టు

ప్రియమైన మావకు,

ఈ నెల వీధి దీపాలు వెలిగాయి. కుళాయికి నీళ్లు వచ్చాయి, ఉప్పగా ఉన్నాయి. జెట్టీ కోసం ఎవరో వచ్చి టేపులతో కొలిచి వెళ్లారు. వాళ్లకు నేనే కొబ్బరిబొండాలు కొట్టించాను.

ఒక చెడ్డ కబురు. వేట నుంచి వస్తుంటే ఒడ్డు దగ్గర అల ఎత్తి కొట్టి మన పడవను ముక్కలు చేసింది. మనుషులు బతికారు. కట్టేసుకోవడానికి జెట్టీ ఉంటే పడవా బతికేది.

హరిబాబు గురించి బెంగ పెట్టుకోకు. అరసవల్లిలో గుడి దారిలో పూజాసామాన్ల కొట్లో కుదిరాడు. నీడపట్టున ఉన్నాడు. రద్దీ వల్ల నీకు రాయడానికి తీరడం లేదట.

నీ కుసుమ

*

జైలు నుంచి,
డిసెంబరు

కుసుమా,

నీ ఉత్తరం అందిన వారమే కొత్తగా పట్టుబడ్డవాళ్లను మా బ్యారక్‌లోకి తోలారు. వరస చివర ఒకడు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ నిలబడ్డ తీరు అచ్చం నీదే. “నానా” అన్నాడు.

కోపం ఆపుకోలేకపోయాను. నీ ఉత్తరం వాడి చేతిలో పెట్టి చదవమన్నాను. అరసవల్లి కొట్టు దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

“అమ్మే గుజరాత్ రైలెక్కించినాది నానా. పడవ ముక్కలైపోనాక ఏటి సేస్తాది? రైలు కదిలినా నా సెయ్యి ఒదల్నేదు. ఊళ్లో ఎవులికీ సెప్పొద్దంది. సర్పంచి కొడుకే ఎల్లిపోనాడంటే జెట్టీ వస్తాదని ఎవులు నమ్ముతారని ఏడిసింది.”

నిన్ను ఏమీ అనను. నేను అక్కడ ఉన్నా అదే చేసేవాణ్ణేమో. ఉన్న ఒక్క దుప్పటీ ఇద్దరం కప్పుకుంటున్నాం. ఇన్నాళ్లూ వాడు ఊళ్లో ఉన్నాడనుకుని నిద్రపోయాను. ఇప్పుడు నా పక్కనే పడుకున్నాడు, నాకు నిద్ర రావడం లేదు.

ఊరి సంగతులు రాయడం మానకు. కుళాయి, దీపాలు, పండగ అన్నీ రాయి. జెట్టీ గురించి మాత్రం రాయకు. ఇకనుంచి నీ ఉత్తరాలు అందరికీ చదివి వినిపించేది వాడే.

నీ ధనరాజు, హరిబాబు